బెత్తెడు నీళ్లు చాలే పడవ

అనంతపురం పేరు వెనక ఒక సాగరం ఉంది. మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి పెద్ద చెరువు నిలిపాడని, ఆ కట్టకు రెండు కొసల్లో వెలసిన ఊళ్లే బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని చెబుతారు. అనంతసాగరమే నేటి అనంతపురం. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమలో, ఒకే కట్ట మీద ఒక సముద్రమూ ఒక సాగరమూ! మా పెద్దల ఆశకు మాత్రం ఎప్పుడూ కరువు రాలేదు.

ఇలాంటి చోట నిలబడి "ఒక్క మనిషి నడుపుకునే పడవ కొనాలి, ఏది మంచిది?" అని ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది. కానీ తెల్లవారుజామున పెన్నహోబిలం జలాశయానికో, మిడ్ పెన్నార్‌కో, 2012లో కృష్ణా నీళ్లు చేరిన జీడిపల్లికో వెళ్లి చూడండి. రాత్రి వేసిన వలలు తీయడానికి మనిషికో పుట్టి చొప్పున నీళ్ల మీద కదులుతుంటాయి. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట పడవ, కొందరు దీన్నే అరిగోలు అంటారు. చేపలు పట్టేవాడికి ఇది చిన్న కొనుగోలు కాదు. ఎద్దును కొనేముందు పళ్లు చూసినట్టు, దీనికీ చూడవలసిన చోట్లు ఉన్నాయి.

ముందు లోపలికి తొంగి అల్లిక చూడాలి. వెదురు బొంగును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి భాగం చెక్కేసి, పైచెక్కు ఉన్న బద్దలనే వాడతారు. వెదురు బలమంతా ఆ నున్నటి పొరను అంటిపెట్టుకున్న నారలోనే ఉంటుంది. మామూలు తట్టలో బద్దలు నిలువు, అడ్డం రెండు దిక్కులే పోతాయి. మంచి పుట్టి అడుగున మూడు దిక్కుల నుంచి వచ్చి ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా దూరి, మధ్యలో ఆరు మూలల కన్ను వదులుతాయి. అందం కోసం పడిన పాటు కాదిది. పాత నవారు మంచాన్ని ఒక మూల పట్టి లాగితే చట్రమంతా ఏటవాలుగా ఒరుగుతుంది కదా, రెండు దిక్కుల అల్లిక కూడా బరువు ఒకపక్క పడితే అలాగే ఒరుగుతుంది. మూడో వరస ఆ ఒరుగుడును పట్టి ఆపుతుంది. బరువెక్కువ పడే నడిమి భాగంలో ఇంకొన్ని బద్దలు దూర్చి బిగిస్తారు.

ఆ తర్వాత వంపు. అడుగున పరుచుకున్న బద్దే పైకి వంగి గోడ అవుతుంది. అడుగుకూ గోడకూ నడుమ అతుకు లేదు, పాత పద్ధతిలో కట్టిన పుట్టికి మేకు కూడా లేదు. పనివాడి చేయి తెలిసేది ఈ మలుపులోనే. కణుపు సరిగ్గా వంపులో పడితే బద్ద చిట్లుతుంది. అందుకే వంపు చుట్టూ వేలితో తడుముతూ పోవాలి. ఎక్కడైనా పీచు గుచ్చుకుంటే ఆ బద్ద అలసిపోయిందన్నమాట. అల్లిక సందుల్లో పిండిలాంటి పొడి రాలుతుంటే వెదురుకు పుచ్చు పట్టినట్టే, ఇక బేరమాడక్కర్లేదు. చివరికి అంచు. గోడ కొసలన్నిటినీ లావు బద్దల మధ్య ఇరికించి చుట్టూ బిగించి కడతారు. దాని మీద మోకాలు ఆన్చి నొక్కితే కాస్త లోపలికి పోయి, వదలగానే తన చోటికి తాను రావాలి. కదలకుండా బిగుసుకున్న అంచు రాయికి తగిలిన రోజున విరుగుతుంది.

ఇప్పుడు బోర్లించి బయటి పూత చూడండి. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర మీద ఈ పడవలనే చూసి రాసుకున్నాడు. లోపల బుట్ట అల్లిక, బయట తోలు, ఒక్కోదానిలో పదిహేను, ఇరవై మంది. గిర్రున తిరుగుతూ పోతాయని కూడా గమనించాడు. వెదురు పుట్టిలో అయిదు వందల ఏళ్లలో మారింది ఆ తోలు ఒక్కటే. ఇప్పుడు టార్పాలినో, ప్లాస్టిక్ పట్టో చుట్టి తారు పూస్తున్నారు. పూత ఎక్కడా పలుచబడకూడదు, అల్లిక ముద్ర బయటికి తేలకూడదు. మన ఎండకు తారు మెత్తబడుతుంది కాబట్టి ఒడ్డున చెట్టునీడ ఉన్నవాడి పుట్టి ఎక్కువ కాలం మన్నుతుంది. వెదురుకు బదులు ఫైబర్‌తో చేసిన పుట్టికి పుచ్చు బాధ లేదు. పగిలితే మాత్రం గుప్పెడు తారు, గుడ్డముక్కతో అక్కడికక్కడ అతుక్కోదు.

ఇదే ఒంటరి పడవను లోకం మరోలా కూడా చెక్కుకుంది. హుస్సేన్ సాగర్‌లో తెరచాపల పందేలు చూసినవాళ్లకు లేజర్ పడవ తెలుసు. కెనడాకు చెందిన బ్రూస్ కెర్బీ గీసిన నమూనా అది. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు, తెరచాప ఏడు చదరపు మీటర్లు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. పడవలన్నీ ఒకే కొలత కాబట్టి అందులో గెలిచేది మనిషి. నడిపేవాడి బరువును బట్టి తెరచాప చిన్నదీ పెద్దదీ ఎంచుకోవచ్చు. గాలికి పక్కకు కొట్టుకుపోకుండా నడుమ నుంచి నీళ్లలోకి ఒక పలక దించుతారు. ఆ పలక దిగాలంటే కనీసం ముప్పాతిక మీటరు లోతు కావాలి.

మా చెరువుల్లో ఆ లోతు మాఘమాసానికే ఒడ్డు నుంచి చాలా దూరం జరిగిపోతుంది. పుట్టికి ఆ బెంగ లేదు. దాని చదును అడుగు ఒకటిన్నర మీటరు వెడల్పు ఉందనుకోండి. పుట్టి, మనిషి, వల, చేపలు అన్నీ కలిపి 150 కిలోలైనా అది నీళ్లలోకి దిగేది ఎనిమిదిన్నర సెంటీమీటర్లే, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. ముందూ వెనకా లేని పడవ కాబట్టి తిప్పుకోవలసిన పనీ లేదు. ఒక అంచున కూచుని, తెడ్డును ముందుకు చాచి నీళ్లను తనవైపు లాక్కుంటే పుట్టి అటే పోతుంది. తెడ్డు పట్టు తెలియనివాడు కూచున్నచోటే రంగులరాట్నం తిరుగుతాడు.

మెచ్చుకుంటూనే దాని లోపం కూడా చెప్పాలి. పుట్టి గాలికి నిలవదు. నడిపేవాడు అంచున లేచి నిలబడితే ఒరుగుతుంది. నలుగురు ఒకే పక్కకు జరిగితే చిన్న పడవ ఏదైనా క్షమించదు. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు దగ్గరి వై.టి. చెరువులో సరదాగా పడవెక్కిన పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఒకరి కోసం కట్టిన పుట్టి ఒకరికే. ఒంటికి లైఫ్ జాకెట్ లేకుండా అందులో కాలు పెట్టకూడదు.

ఇంతా చూశాక చివరి పరీక్ష నేల మీదే. మా నీళ్లు ఒకచోట ఉండవు. చెరువు వెనక్కి జరిగేకొద్దీ పడవను మోసుకుంటూ నీళ్ల వెంట నడవాలి, ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకు పోవాలి. కాబట్టి డబ్బు లెక్కపెట్టే ముందు పుట్టిని బోర్లించి నెత్తికెత్తుకుని కట్ట మీద వంద అడుగులు నడవండి. మెడ నొప్పి పుట్టకపోతే, అల్లిక కిర్రుమనకపోతే, కొనండి.