మొక్క మోసిన మనిషి జ్ఞాపకం: ‘స్వాంప్ థింగ్’ కామిక్స్ - ఒక అనుశీలన

వ్యాససంగ్రహం:
చిత్తడినేలలో పుట్టిన ఒక వికృతాకారుని కథ ‘స్వాంప్ థింగ్’. అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ 1971లో పరిచయం చేసిన ఈ పాత్ర 1984లో మౌలికమైన మార్పుకు లోనైంది. మనిషి వికృతాకారం పొందాడన్న నమ్మకం పోయి, తాను మనిషినని నమ్మిన మొక్క ఇదన్న నిజం బయటపడింది. ఆ తర్వాత కూడా పాఠకుని అభిమానం చెక్కుచెదరకపోవడానికి కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: కామిక్స్, స్వాంప్ థింగ్, అలన్ మూర్, స్మృతి, అస్తిత్వం, శోకం.

1. ఉపోద్ఘాతం

రూపం కోల్పోయిన మనిషి కథ తెలుగు పాఠకునికి కొత్త కాదు. భారతం అరణ్యపర్వంలో కర్కోటకుని కాటుకు నలుడు కురూపియై బాహుకుడవుతాడు. రూపం మారినా అతడు నలుడే. అతడు వండిన వంట రుచి దమయంతికి ఆ సంగతి పట్టిస్తుంది. చివరికి పూర్వరూపం తిరిగి వస్తుంది. ఇటువంటి కథలకు ఆధారం ఒక్కటే: దేహం మారినా లోపలి వ్యక్తి భద్రంగా ఉంటాడన్న విశ్వాసం. స్వాంప్ థింగ్ కథ కూడా ఈ విశ్వాసంతోనే మొదలై, పదమూడేళ్ల తర్వాత దానిని కూల్చివేసింది. ఈ పాత్ర విశిష్టత అక్కడే ఉంది.

2. పాత్ర ఆవిర్భావం

రచయిత లెన్ వీన్, చిత్రకారుడు బెర్నీ రైట్‌సన్ ఈ పాత్ర సృష్టికర్తలు. ‘హౌస్ ఆఫ్ సీక్రెట్స్’ 92వ సంచికలో వచ్చిన తొలి కథలో నాయకుడు అలెక్స్ ఓల్సెన్. మిత్రద్రోహానికి బలై చిత్తడిలో కలిసిపోయిన అతడు నాచు, బురద నిండిన ఆకారంతో తిరిగి వస్తాడు. ఆపదలో ఉన్న భార్యను కాపాడతాడు. తానెవరో చెప్పడానికి మాట పెగలదు. ఆమె అతణ్ణి చూసి బెదిరిపోతుంది. అతడు చిత్తడికే మరలిపోతాడు.

1972లో ఇదే భావనతో ప్రత్యేక పత్రిక ప్రారంభమైంది. ఇందులో నాయకుడు అలెక్ హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు. లూసియానా చిత్తడినేలల్లో భార్య లిండాతో కలిసి, మొక్కల ఎదుగుదలను పెంచే ద్రావణంపై పరిశోధన చేస్తుంటాడు. ప్రయోగశాలలో బాంబు పేలి, మంటలతో పరుగెత్తి నీటిలో పడతాడు. నీటిలోంచి లేచినది వేళ్లు, తీగలు అల్లుకున్న మహాకాయం. రైట్‌సన్ గీసిన బొమ్మలో ఆ దేహానికి రాక్షసబలం ఉంది. లోతుకు పోయిన కళ్లలో మాత్రం వేదన ఉంది. పాఠకుడు ఆ కళ్లను నమ్మాడు. వాటి వెనుక హాలండ్ ఉన్నాడనీ, ఏదో ఒకనాడు మనిషిగా మారతాడనీ ఆశపడ్డాడు.

3. కూలిన విశ్వాసం

1982లో మొదలైన రెండవ పత్రిక బాధ్యతను 20వ సంచిక నుంచి ఆంగ్ల రచయిత అలన్ మూర్ స్వీకరించాడు. స్టీఫెన్ బిసెట్, జాన్ టోటల్‌బెన్ చిత్రకారులు. 1984లో వెలువడిన 21వ సంచిక కథ పేరు ‘ది అనాటమీ లెసన్’. తూటాలకు కూలి, మంచులో భద్రపరచబడిన ఆ దేహాన్ని జేసన్ ఉడ్రూ అనే శాస్త్రజ్ఞుడు కోసి పరీక్షిస్తాడు. అందులో ఊపిరితిత్తుల వంటివి ఉన్నాయి, అవి ఊపిరి తీయలేవు. మెదడు వంటిది ఉంది, అది ఆలోచించలేదు. అవన్నీ మొక్క తయారుచేసుకున్న అనుకరణలు.

ఉడ్రూ వివరణ ప్రకారం హాలండ్ పేలుడునాడే మరణించాడు. ద్రావణం సోకిన మొక్కలు అతని దేహంతోపాటు స్మృతినీ జీర్ణించుకుని, తామే హాలండ్ అనుకున్నాయి. శిక్షణ పొందిన ప్లనేరియా పురుగులను తిన్న పురుగులకు ఆ శిక్షణ సంక్రమిస్తుందన్న ప్రయోగాలను అతడు నిదర్శనంగా చూపుతాడు. ఆ ప్రయోగాల ఫలితాలు తర్వాత వివాదాస్పదమయ్యాయి. అయినా కథకు కలిగిన లోటు లేదు. ఇక్కడ శాస్త్రం వాదానికి ఊత మాత్రమే. అసలు దెబ్బ ఆశపై పడింది. బాహుకునిలో నలుడున్నాడు కనుక తిరిగి రాగలిగాడు. ఇక్కడ తిరిగి రావడానికి ఎవరూ లేరు.

4. శోకం ఎవరిది?

ఈ నిజంతో పాఠకుడూ మోసపోయినవాడయ్యాడు. ఇంతకాలం ఆ జీవి పొరబడినట్లే తానూ పొరబడ్డాడు. మరి అతడు చూపిన జాలి వృథా అయిందా? ఈ ప్రశ్నే పాత్రను ఉన్నత స్థాయికి చేర్చింది.

ఆ జీవికి తనెవరన్న విషయంలో కలిగింది భ్రాంతి. లిండా కోసం పడిన దుఃఖం భ్రాంతి కాదు. దుఃఖించినది మనిషి కాకపోవచ్చు, దుఃఖం మాత్రం నిజం. తర్వాతి సంచికలో అది చిత్తడిలో వేళ్లూని, అచేతనంగా ఒక కలలో మునుగుతుంది. ఆ కలలో తన మానవత్వాన్ని ఒక అస్థిపంజరంగా మోస్తుంది. 24వ సంచికలో ఉడ్రూ మొక్కల పక్షాన మానవజాతిని నిర్మూలించబోగా, ప్రాణవాయువును తిరిగి మార్చే మనుషులూ జంతువులూ లేకపోతే మొక్కలూ బతకవని అతనికి గుర్తుచేసేది ఈ జీవే. మొక్కనని తెలిసిన తర్వాత కూడా అది మనిషికి శత్రువు కాలేదు.

5. ఋణవిముక్తి

28వ సంచిక పేరు ‘ది బరియల్’. ఆ జీవి చిత్తడి అడుగున హాలండ్ అస్థికలను వెదికి తీసి, భూమిలో ఖననం చేస్తుంది. ఎవరి జ్ఞాపకంతో తాను బతికిందో ఆ మనిషికి జరగని అంత్యక్రియను తాను జరుపుతుంది. తెలుగువారు పితృఋణమని చెప్పుకునే భావానికి ఈ ఘట్టం దగ్గరగా ఉంది. ఒక భేదం గమనించాలి. పుత్రుడు తండ్రి పేరు నిలపడానికి కర్మ చేస్తాడు. ఈ జీవి తనది కాని పేరును యజమానికి అప్పగించడానికి చేస్తుంది. హాలండ్‌ను పాతిపెట్టినప్పుడే దానికి సొంత జీవితం మొదలైంది. అబిగైల్‌తో దాని ప్రేమ కూడా ఆ తర్వాతి కథల్లోనే, మొక్క పద్ధతిలోనే పండింది. తన దేహంపై కాసిన ఫలాన్ని ఆమెకిచ్చి, తన చైతన్యాన్ని ఆమెతో పంచుకుంటుంది.

6. ముగింపు

పూర్వరూపం తిరిగి రావడమే ఈ కథకు ఫలశ్రుతి అయివుంటే, స్వాంప్ థింగ్ అనేక వికృతాకారుల్లో ఒకటిగా మిగిలేది. తిరిగి రావడానికి ఎవరూ లేరని తెలిసిన తర్వాత ఎలా బతకాలన్న ప్రశ్నను ఎదుర్కొన్నందువల్ల అది నిలిచింది. రైట్‌సన్ గీసిన కళ్లను నమ్మిన పాఠకుడు వాటి వెనుక ఎవరున్నారన్న విషయంలో పొరబడ్డాడు. అక్కడ వేదన ఉందన్న విషయంలో మాత్రం పొరబడలేదు. అతని అభిమానానికి ఆధారం అదే.