పది అంకెల పాస్‌వర్డ్

నరసరావుపేటలో కొత్తగా నెట్ పెట్టించుకునే ఇళ్లలో ఒక మాట తరచూ వినబడుతుంది. కేబుల్ కుర్రాడు గోడకు రూటర్ బిగించి, పచ్చ లైటు వెలిగాక అడుగుతాడు: "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ?" "గుర్తుండేదేదో పెట్టు నాయనా" అంటుంది ఇంటావిడ. అతను ఆవిడ ఫోన్ నంబరే పెట్టేసి ఇంకో ఇంటికి పోతాడు.

ఆ నంబరు ఎంత గట్టిదో లెక్క వేసి చూడాలి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి ఎన్ని రకాలుగా మార్చినా 400 కోట్లకు మించవు. డబ్ల్యూపీఏ2 అనే రక్షణ పద్ధతి వాడే వైఫైకి ఫోన్ కలిసేటప్పుడు రెంటి మధ్యా నడిచే సంకేతాలను వీధిలో ఉన్నవాడు లాప్‌టాప్‌తో పట్టుకోగలడు. ఆపైన వాడు ఆ వీధిలో ఉండక్కర్లేదు. ఇంటికెళ్లి తీరిగ్గా ఒక్కో నంబరూ సరిచూసుకుంటాడు. గేములు ఆడేవాళ్లు కొనే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలు చూసేస్తుంది. 400 కోట్లకూ గంటా పది నిమిషాలు చాలు. అదే నంబరు కొట్టు బోర్డు మీద రాసి ఉంటే ఆ గంట కూడా పట్టదు.

అసలు ఈ పని కేబుల్ కుర్రాళ్ల చేతికి ఎలా వచ్చింది? 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్. కరెంటు స్తంభాల మీదుగా ఊరికి వచ్చిన తీగను ఇళ్లకు చేర్చింది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. తీగ లాగడం వాళ్లకు నేర్పారు గానీ, ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పడం ఎవరి పనీ కాకుండా పోయింది. ఇందులో కుర్రాడిని తప్పుపట్టడం అన్యాయం.

ఇంటి వైఫై ఎవడో వాడుకుంటే పోయేది నాలుగు సినిమాల డేటాయేగా అనుకుంటారు చాలామంది. కానీ 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు ఒక బెదిరింపు ఈమెయిల్ వార్తా సంస్థలకు వెళ్లింది. ఆరా తీసిన పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటికి చేరారు. రక్షణ లేని ఆయన వైఫైని ఇంకెవరో వాడుకున్నారు. జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది మాత్రం ఆయనే.

సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రూటర్ అడుగున అంటించిన కాగితం మీది చిరునామాను (చాలావాటికి 192.168.1.1) ఫోన్ బ్రౌజర్‌లో కొడితే సెట్టింగులు తెరుచుకుంటాయి. ముందు మార్చాల్సింది అక్కడికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్‌నే. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, కంపెనీలు పెట్టి వదిలేసిన అరవై పైచిలుకు పాస్‌వర్డ్‌ల జాబితాతోనే లక్షల కెమెరాలను, రూటర్లను లొంగదీసుకుంది. తర్వాత, పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తోనే వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి. దాని ఎనిమిది అంకెల పిన్ 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లోనే తేలింది. రూటర్‌లో డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే అదే ఎంచుకోవాలి.

ఇక వైఫై పాస్‌వర్డ్. గోంగూర, లారీ, అద్దం, పిచ్చుక, సున్నం... ఇలా పొంతన లేని ఐదు మాటలు ఎవరికి వారు ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు అందదు. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు.

కోటప్పకొండ తిరనాళ్లకు చుట్టాలొస్తే పిల్లలు ముందు అడిగేది వైఫైనే. కాదనక్కర్లేదు. చాలా రూటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి ఇస్తే వాళ్ల ఫోన్లు ఇంట్లోని కెమెరా, కంప్యూటర్ల జోలికి రావు. వాళ్లు బస్సెక్కాక దాన్ని ఆపేయవచ్చు.