కొలతకు మొదలు

అతినీలలోహిత కాంతి సోకినపుడు లోహగోళముల నడుమ విద్యుత్ స్ఫులింగము సులభముగా ఎగయుటను 1887లో హెర్ట్జ్ గమనింపగా, 1905లో ఐన్‌స్టీన్ ఆ వింతకు లెక్క చెప్పెను. కాంతికణపు శక్తినుండి, దాని తాకిడికి వెలువడిన ఎలక్ట్రాను గతిశక్తిని, పరికరపు పని ప్రమేయమును (తలమును విడుటకు ఎలక్ట్రానుకు కావలసిన కనీస శక్తిని) తీసివేసినచో, ఆ ఎలక్ట్రాను పదార్థములో ఎంత గట్టిగా బంధింపబడి యుండెనో, అనగా దాని బంధనశక్తి యెంతో, తేలును. ఈ చిన్న తీసివేతను ఎలక్ట్రాన్ వర్ణపటశాస్త్రమను మహావిద్యగా పెంచినవాడు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయమున కృషిచేసిన కై సీగ్‌బాన్. 1981 భౌతికశాస్త్ర నోబెల్ బహుమానమున సగభాగము ఆయనకు దక్కినది.

ఆయన బృందము సోడియం థయోసల్ఫేటును పరీక్షింపగా, బంధనశక్తుల వర్ణపటములో ఒక్క గంధకమునకే రెండు శిఖరములు కానవచ్చెను: ఆమ్లజని పరమాణువుల నడుమ నున్న గంధకము తన ఎలక్ట్రాన్లను బిగించి పట్టుకొనగా, దాని సరసనున్న రెండవది కొంత సడలించినది. ఏ మూలకమున్నదో చెప్పుటతో ఆగక, అది ఎట్టి పొరుగున నున్నదో కూడ చెప్పుటయే ఈ విద్యకు ప్రాణమని నేను తలచుచున్నాను.

అయితే ఆ ఎలక్ట్రాన్లు శక్తి కోల్పోక బయటపడునది పైనున్న కొన్ని నానోమీటర్ల లోతునుండియే గనుక, ఉపరితల శుద్ధియే ఇందులో సగము పని. ఒత్తిడిని ఒక టార్‌లో పదిలక్షోవంతుకు దించినను, తాకిన ప్రతి అణువు అంటుకొన్నచో, ఇంచుమించు ఒక్క సెకనులోనే తలమంతయు ఒక అణుపొర క్రింద కప్పబడును. అందుచేతనే నమూనా నుంచు శూన్యపాత్రను కాల్చి, పంపులు నడిపి, అంతకు పదివేల రెట్లు తక్కువ ఒత్తిడికై ఓపికతో వేచియుండుట.

ఇంతకంటె కఠినమైనది బంధనశక్తి స్కేలుపై సున్న ఎక్కడ నిలుపవలెనను ప్రశ్న. లోహమైనచో, ఎలక్ట్రాన్లు నిండిన స్థాయిల పై అంచైన ఫెర్మి స్థాయియే సున్న. బంగారపు 4ఎఫ్ శిఖరము 84.0 ఎలక్ట్రాన్ వోల్టులవద్ద నిలిచినదో లేదో చూచి స్కేలును సరిచూచుకొనవచ్చును. విద్యుద్బంధకమున అట్లు కాదు: పోయిన ఎలక్ట్రాన్ల లోటు తీరక నమూనా ధనావేశితమై, శిఖరములన్నియు ఎక్కువ బంధనశక్తి వైపు జరుగును. అప్పుడు పైనంటిన కర్బన మాలిన్యపు శిఖరమును 284.8 ఎలక్ట్రాన్ వోల్టులకు తెచ్చి, తక్కినవాటిని దానితో జరుపుట వాడుక. కాని ఆ మాలిన్యము అన్ని నమూనాలపై ఒకే పదార్థము కాదు. దానిని నిశ్చలమైన కొలబద్దగా నమ్ముట తగదని నా దృఢాభిప్రాయము.

కనుక ఈ విద్య నభ్యసించు యువకులారా, యువతులారా, మీరు ప్రకటించు ప్రతి సంఖ్య ప్రక్కను, సున్నను దేనితో నిలిపితిరో, ఎంత జరిపితిరో తప్పక వ్రాయుడు.