చివరి సకారం

"ఈ ముగింపే కథకి కూ ద గ్రా." ఒక కథాసంపుటి మీద రాస్తూ నేనూ ఒకప్పుడు ఈ వాక్యం రాశాను. మెచ్చుకోలుగానే. అందులో రెండు తప్పులున్నాయి. ఉచ్చారణ తప్పుని నవ్వుకుని వదిలేయొచ్చు. అర్థం తప్పుని మాత్రం వదల్లేం.

ఇది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. రాసింది రాసినట్టు చదివే అలవాటున్న మనం ముందు 'కూప్ డి గ్రేస్' అంటాం. ఫ్రెంచిలో చివరి హల్లులు చాలావరకు పలకవని తెలిశాక, 'కూప్'లో పకారం తీసేసిన ఊపులో చివరి సకారాన్నీ కోసేస్తాం. అక్కడే దొరికిపోతాం. ఆఖరి 'సి' తర్వాత 'ఇ' ఉంది కాబట్టి సకారం పలకాల్సిందే: కూ ద గ్రాస్. అది తీసేస్తే మిగిలే 'గ్రా' వేరే మాట. కొవ్వు అని అర్థం. మార్డి గ్రాలో ఉన్నది అదే. రచయితని పొగడబోయి 'కొవ్వు దెబ్బ' అన్నానన్నమాట!

గ్రాస్ అంటే దయ. ఇక బతకదని తేలిన ప్రాణికి బాధ తీరేలా వేసే చివరి దెబ్బ ఇది. తర్వాత ఇంగ్లీషులో ఏ ఆఖరి దెబ్బకైనా వాడుతున్నారు, సరే. కానీ కొసమెరుపు అనే అర్థం దానికి లేదు.

అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ఆంబ్రోస్ బియర్స్ 1889లో ఇదే పేరుతో ఒక కథ రాశాడు. పోరు ముగిశాక కెప్టెన్ మాడ్వెల్‌కి స్నేహితుడు సార్జెంట్ హాల్క్రో కనిపిస్తాడు. పొట్ట చీలిపోయి, మాట రాక, చూపుతోనే చావుని వేడుకుంటూ. దగ్గర్లో గాయపడ్డ గుర్రం. మాడ్వెల్ దగ్గరున్న చివరి తూటా దానికి ఖర్చయిపోతుంది. స్నేహితుడికి కత్తే గతి. కత్తి దించాక ముగ్గురు వస్తారు: స్ట్రెచర్‌తో ఇద్దరు, వాళ్ళతో హాల్క్రో తోడబుట్టినవాడు, మాడ్వెల్‌కి గిట్టని మేజర్. కథ అక్కడితో సరి.

దీన్ని కొసమెరుపు అనేస్తే కథ చేజారిపోతుంది. మాడ్వెల్ చేసింది దయా, హత్యా? దయే అయితే, చూసినవాళ్ళు నమ్ముతారా? పేరులో దయ వినబడినవాడికే ఈ ప్రశ్నలు గుచ్చుకుంటాయి. మన 'చావుదెబ్బ'లో చావుంది, దయ లేదు. ఎన్నికల వార్తల్లో నలిగి అదిప్పుడు ఘోర పరాజయం మాత్రమే.

మెరుపు ఉన్నచోట కొసమెరుపని తెలుగులోనే అందాం. ముగింపు ఎవరి బాధని, ఏ ఖరీదుకి తీర్చిందో చెప్పగలిగినప్పుడు ఆ ఫ్రెంచి మాట వాడదాం, చివరి సకారంతో సహా.