అతుకు తెలియని పాట

పెళ్లివారింట ఎవరైనా "డీజే పెట్టారా?" అని అడిగితే, బాక్సులు పెట్టారా అనే ఆ ప్రశ్నకు అర్థం. ట్రాలీ మీద నిలువెత్తున పేర్చిన స్పీకర్లు, వెనక జనరేటరు, రంగు లైట్లు, గుండెలో దడ పుట్టించే బాసు. అదంతా సౌండు సరంజామా. డీజే అంటే ఆ సరంజామాకు ఓ పక్కన, నడుమెత్తు బల్ల వెనక, ఒక చెవికి హెడ్‌ఫోను ఆనించుకుని నిలబడ్డ మనిషి. అతని విద్య ఒక్కటే. నడుస్తున్న పాటలోంచి రాబోయే పాటలోకి, ఆడేవాళ్ల కాలు తడబడకుండా దాటించడం. అతుకు ఎక్కడ పడిందో ఎవరికీ తెలియకూడదు. పదిహేనేళ్లు సీడీ ప్లేయర్ల మీద ఆ పని చేసినవాణ్ణి. ఆ విద్యలో సగం మొదటి పాట మోగకముందే, ప్లేయర్లు అమర్చే దగ్గరే ఉందని నా నమ్మకం.

ఈ విద్య పెరిగిన చోట్లలో ఒకటి న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, సోదరి ఏర్పాటు చేసిన పార్టీలో పాటలు వేసిన కుర్రాడు కూల్ హెర్క్. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. పాట మధ్యలో గొంతులు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కాసేపటి కోసమే ఆడేవాళ్లు ఎదురుచూస్తున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఇక్కడ ఆ ముక్క అయిపోగానే అక్కడ మొదలుపెట్టి, కొన్ని సెకన్ల దరువును నిమిషాలకు సాగదీశాడు. తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద మైనపు పెన్సిలుతో గీత గీసి, ఆ ముక్క ఎక్కడ మొదలవుతుందో కంటితోనే పట్టే పద్ధతి తెచ్చాడు. చేతికి తగిన యంత్రం అప్పటికే జపాన్‌లో తయారైంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 రికార్డు ప్లేయరు వచ్చింది 1972లో. 1979లో వచ్చిన దాని రెండో రూపంలో వేగం పెంచి తగ్గించే నిలువు స్లైడరు పెట్టారు.

సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చినప్పుడు డీజేలు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. వాళ్ల కోపంలో న్యాయముంది. రికార్డును చేత్తో ఆపొచ్చు, వెనక్కి లాగొచ్చు, ఒక వేలితో ముందుకు నెట్టొచ్చు. సీడీ పెట్టెలోపల, కంటికి కనపడని చోట తిరుగుతుంది. లోపలి అంచు దగ్గర నిమిషానికి దాదాపు 500 చుట్లు, బయటి అంచుకు వచ్చేసరికి 200 చుట్లు. ముట్టుకుంటే ఆగిపోతుంది, అంతే. 1990ల మొదట్లో డెనాన్ జంట ప్లేయర్లు, 1994లో పయొనీర్ సీడీజే-500 కొంత దారి వేశాయి. 2001లో వచ్చిన సీడీజే-1000తో అసలు చిక్కు వీడింది. పైన రికార్డంత కాకపోయినా అరచేయి నిండా పట్టే చక్రం, జాగ్ వీల్. దాన్ని వెనక్కి తిప్పితే పాట వెనక్కి పోతుంది, ఆపితే ఆగుతుంది. లోపల డిస్కు మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంటుంది. డిస్కు మీది పాటను ప్లేయరు ముందుగానే చదివి తన మెమరీలో పెట్టుకుంటుంది. మన చేయి తిప్పుతున్నది ఆ మెమరీనే. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ చక్రం మీద చేయి వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

ఇక అమరిక. హాల్లోకి వెళ్లగానే మొదట బల్లను చేత్తో ఊపి చూస్తాను. ఊగే బల్ల మీద ప్లేయరు పెడితే బాసు కొట్టిన ప్రతిసారీ లేజరు దారి తప్పుతుంది. స్పీకరు బాక్సు మీదగానీ, దాని పక్కనే ఆనించిగానీ ఎట్టి పరిస్థితుల్లో పెట్టను. యాంప్లిఫయర్ మీద అసలే పెట్టను, దాని వేడి కిందినుంచి తగులుతుంది. వెనక, పక్కల నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంచుతాను. రెండు ప్లేయర్లు, మధ్యలో వాటి పాటలను కలిపే మిక్సరు. బల్ల మీదికి కూల్‌డ్రింకు రాకూడదు, పెళ్లికొడుకు స్నేహితులు తెచ్చినా సరే.

వైర్ల దగ్గర కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మిక్సరు వెనక ఒక్కో చానెల్‌కు రెండు రకాల సాకెట్లు ఉంటాయి. ఒకటి ఫోనో, ఒకటి లైన్. ఫోనో రికార్డు ప్లేయరు ముల్లు కోసం. ఆ ముల్లు నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు, కాబట్టి మిక్సరు దాన్ని ఎన్నో రెట్లు పెంచుకుంటుంది. సీడీ ప్లేయరు నుంచి వచ్చేది దాదాపు 2 వోల్టులు. దాన్ని ఫోనోలో గుచ్చితే పాట చీలిపోయి, పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. స్పీకరు కాయిల్‌కు కూడా ప్రమాదమే. సీడీ వైరు లైన్‌లోకే పోవాలి. ఎర్ర పిన్ను కుడి, తెల్ల పిన్ను ఎడమ.

కరెంటు దగ్గర నేను రాజీపడను. అమెరికా నుంచో జపాన్ నుంచో బంధువులు తెచ్చిన ప్లేయరైతే ముందు వెనక పలక చదవాలి. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన గోడలో 230. పలక మీద మన వోల్టేజీ లేకుంటే సరైన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా గుచ్చకూడదు. స్పీకర్లలో "గుయ్" అని సన్నని మోత వస్తోందంటే ఎక్కువసార్లు కారణం, మిక్సరు ఒక పాయింటు నుంచి, యాంప్లిఫయర్లు దూరాన ఇంకో పాయింటు నుంచి కరెంటు తీసుకోవడం. అన్నిటినీ ఒకే చోటు నుంచి ఇస్తే చాలాసార్లు ఆ మోత పోతుంది. ఆ తొందరలో యాంప్లిఫయర్ ప్లగ్గు మూడో పిన్ను పీకేసేవాళ్లను చూశాను. మోత పోతుంది, నిజమే. దానితోపాటు మనిషిని కాపాడే ఎర్తింగూ పోతుంది. వాన పడ్డ షామియానా కింద, తడి నేల మీద, ఆ పని ప్రాణాలు తీయగలదు.

ఆన్ చేసే వరస కూడా మారకూడదు. ముందు ప్లేయర్లు, తర్వాత మిక్సరు, ఆఖరున యాంప్లిఫయర్. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్. ఈ వరస తప్పితే స్పీకర్లలోంచి వచ్చే "ధబ్" శబ్దం బాక్సుకు చెంపదెబ్బ లాంటిది.

ఒకసారి కాకినాడలో మే నెల రిసెప్షను. ప్లేయర్లను విజయవాడ నుంచి ఏసీ కారులో, వెనక సీటు మీద పసిపిల్లల్లా పడుకోబెట్టి తీసుకెళ్లాను. దించగానే అమర్చి ఆన్ చేశాను. డిస్కు లోపలికి వెళ్లింది, తిరిగింది, ఆగింది. మళ్లీ తిరిగింది. తెరమీద తప్పు నంబరు. ఇంకో డిస్కు పెట్టినా అదే. చేతులకు చెమటలు పట్టాయి. అక్కడి సౌండు పెద్దాయన వచ్చి, ప్లేయరు పక్కమీద అరచేయి ఆనించి, "చల్లగా ఉంది బాబూ. లోపల అద్దం చెమర్చింది. కట్టేసి గంటసేపు వదిలెయ్యండి" అన్నాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు నీళ్లు పట్టినట్టే, సముద్రపు గాలి తేమ చల్లటి లెన్సు మీద పేరుకుంది. నాదస్వరం వాళ్లు ఇంకో గంట వాయించి ఆ పెళ్లి పరువు నిలబెట్టారు. గంట తర్వాత ప్లేయరు ఏమీ ఎరగనట్టు డిస్కు చదివింది. అప్పటినుంచి కారులో ఏసీ కట్టేసి, అద్దాలు దించుకునే వెళ్లాను.

డిస్కు ఇరుక్కుంటే మూత విప్పే సాహసం చేయవద్దు. లోపలి లేజరు 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనపడదు. కనపడే వెలుగైతే రెప్ప దానంతటదే మూసుకుంటుంది, దీనికి అలా మూసుకోదు. పెట్టె మూసి ఉన్నంతవరకే అది నిరపాయం. కరెంటు తీసి, డిస్కు తిరగడం పూర్తిగా ఆగేదాకా ఓపికపట్టి, ముందున్న సన్నని రంధ్రంలో పిన్ను నొక్కి బయటికి రప్పించాలి. బీట పడ్డ డిస్కు, కాగితం లేబులు అతికించిన డిస్కు, గుండ్రంగా కాక వేరే ఆకారంలో కోసిన డిస్కు ఈ ప్లేయర్లకు పెట్టనే కూడదు. తుడిచేటప్పుడు మధ్యనుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత పాట దారి వెంటే సాగి, చాలాసేపు పాటను పాడుచేస్తుంది.

ఇప్పుడు అతుకు సంగతి. నడిచే పాట నిమిషానికి 126 దెబ్బలు, రాబోయేది 120 అనుకుందాం. రెండోదాన్ని 5 శాతం పెంచాలి. స్లైడరు పైకో కిందికో జరపడమే, కానీ ఇక్కడో సూక్ష్మం. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. దాదాపు 6 శాతానికి ఒక స్వరస్థానం పైకి పోతుంది. గాయని గొంతు సన్నబడుతుంది. మాస్టర్ టెంపో బటను నొక్కితే వేగం మారినా శ్రుతి నిలుస్తుంది, బదులుగా శబ్దంలో కొంచెం గరగర చేరుతుంది. రెండు మూడు శాతం తేడాలోపు పాటలనే పక్కపక్కన పేర్చుకుంటే ఆ బటను అవసరమే రాదు. నా డిస్కుల వరస అంతా ఆ లెక్క మీదే.

లెక్క సగమే, మిగతాది చెవి. రెండో పాటను హెడ్‌ఫోనులో మాత్రమే వింటూ, దాని మొదటి దెబ్బ దగ్గర ఆపుతాం. సీడీ సెకనును 75 ఫ్రేములుగా కోస్తుంది. 120 వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను, అంటే 37 ఫ్రేముల పైచిలుకు. చక్రాన్ని ఒక్కో ఫ్రేమే జరుపుతూ, డ్రమ్ము చర్మం మీద కర్ర పడే క్షణానికి సరిగ్గా ముందు నిలిపి, ఆ చోటును గుర్తుపెట్టే క్యూ బటను నొక్కుతాం. తర్వాత హాల్లో పాట ఎత్తుగడకు రాగానే ప్లే. ఒక చెవిలో ఒక పాట, రెండో చెవిలో ఇంకోటి. మొదట రెండు దెబ్బలు ఒకటిగా "ఠప్" అంటాయి. వేగం ఏమాత్రం తేడా ఉన్నా కాసేపటికి "ఠ-ఠప్" అని విడిపోతాయి, గుర్రం రెండు కాళ్లు వేరువేరుగా పడ్డట్టు. చక్రం అంచును వేలితో సన్నగా తోయాలి, లేదా నిమరాలి. స్లైడరును వెంట్రుకవాసి జరపాలి. విడిపోయిన దెబ్బలు మళ్లీ దగ్గరికొచ్చి, ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఆ క్షణంలో రెండు పాటలు కావు, మూడోదేదో వినపడుతుంది. అప్పుడు కొత్త పాట ఫేడరు మెల్లగా పైకి. పాత పాట బాసు తగ్గించాకే కొత్తదాని బాసు ఇవ్వాలి, ఒకేసారి రెండు బాసులు మోగితే హాలంతా బురదబురద.

మన సినిమా పాటలతో ఈ పని ఇంకా కష్టం, కాబట్టే ఇంకా గొప్ప. క్లబ్బుల కోసం చేసిన పాశ్చాత్య రికార్డుల్లో మొదట్లో, చివర్లో ఉత్త దరువు బోలెడంత ఉంటుంది, అతకడానికే ఉంచుతారు. మన పాటల్లో చాలావాటికి ఆ వెసులుబాటు ఉండదు. అతుకు వేయాలంటే చరణానికీ చరణానికీ మధ్య వాద్యాల ముక్కలో వెతుక్కోవాలి. డెబ్భైలు, ఎనభైల పాటల్లో మనుషులు కూర్చుని వాయించారు, లయ ఊపిరిలా కొంచెం అటూ ఇటూ కదులుతుంది. వేలు చక్రం మీదనుంచి తీయడానికి లేదు. తీన్‌మార్ దరువు తిశ్రంలో నడుస్తుంది, దాన్ని చతురశ్రంలో నడిచే పాటకు నేరుగా కలపబోతే ఆడేవాళ్లు నిలబడిపోతారు. రెండింటికీ మొదటి దెబ్బ ఒక్కటే అయ్యే చోట, నాలుగు దెబ్బల మౌనం ఇచ్చి మార్చాలి. మృదంగం నేర్చుకునే పిల్లలకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

మా అన్నయ్య కొడుకు ఇప్పుడు ఈ పనిలోకి వచ్చాడు. "సింక్ బటన్ ఉంది కదా బాబాయ్, ఇదంతా ఎందుకు?" అన్నాడు. "అది వేగం కలుపుతుందిరా. ఎత్తుగడ ఎక్కడో నువ్వే వినాలి" అన్నాను. నా పాత ప్లేయర్ల తెరల మీద నల్ల టేపు అతికించి, రెండు డిస్కులిచ్చి కూర్చోబెట్టాను. మూడు వారాలు గుర్రం డెక్కలే వినిపించాయి. తర్వాత ఒక సాయంత్రం పక్క గదిలోకి డెక్కల చప్పుడు రాలేదు. లేచి వెళ్లి చూస్తే కళ్లు మూసుకుని, వేలు అంచు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. నేను వచ్చింది కూడా వాడికి తెలియలేదు.

2020లో వచ్చిన సీడీజే-3000లో డిస్కు పెట్టే చోటే లేదు. పేరులో మాత్రం సీడీ మిగిలింది. 2024లో జర్మనీ, బెర్లిన్ టెక్నో సంగీత సంస్కృతిని తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండె జబ్బు మనుషులూ పసిపిల్లలూ ఉన్న వీధిలో ఆ మోత ఎంత బాధో విన్నవాణ్ణి, నిషేధాన్ని తప్పుపట్టను. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. నా బాధల్లా ఆ మోతకు డీజే అని పేరు పడడం. అతుకు వినాలంటే ఎక్కువ సౌండు అక్కర్లేదు, అసలు పనికిరాదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 దగ్గర పావుగంటకే అలసిపోతుంది. అలసిన చెవికి దెబ్బలు విడిపోవడం వినపడదు. మిక్సరు దీపాలు ఎరుపు తాకకుండా చూసుకుని, హెడ్‌ఫోను లేని చెవిలో దూది కాకుండా సరైన ఇయర్‌ప్లగ్ పెట్టుకున్న డీజేలే అరవై దాటాక కూడా పాటలు కలపగలుగుతున్నారు.

రాత్రి చివర హాలు ఖాళీ అవుతుంది. వంటవాళ్లు గుండిగలు కడుగుతుంటారు. యాంప్లిఫయర్ కట్టేస్తాను. డిస్కు బయటికి వచ్చేదాకా ప్లేయరును కదపను, లోపల డిస్కుతో ప్లేయరు మోయకూడదు. వైరును పిన్ను పట్టుకుని లాగుతాను, తీగ పట్టుకుని కాదు. మోచేతికి చుట్టకుండా వదులుగా చుడతాను. డిస్కులను అంచులు పట్టుకుని కవర్లలో పెట్టి, ప్రతి కవరు మీదా పెన్సిలుతో రాసుకుంటాను. 118, రెండో చరణం ముందు. 124, ఎత్తుగడలో గొంతు ఉంది, జాగ్రత్త.