మురుగునకు ఊపిరి

నాగోలు వద్ద మూసీ యొడ్డున నున్న పాత మురుగునీటి శుద్ధి కేంద్రములో ఏరేటరు అను యంత్రములు కలవు. వాని పేరైన నెరుగక మనము మెట్రో రైలెక్కి పోవుచుందుము. దినమునకు 17 కోట్ల 20 లక్షల లీటర్ల మురుగును స్వీకరించుటకై నిర్మింపబడిన ఈ కేంద్రమున, తొలుత గాలి సోకని తొట్లలో ఆమ్లజని యక్కరలేని సూక్ష్మజీవులు మలినమును కొంత భుజించి మీథేను వాయువును విడిచిన పిదప, శేషించిన పనికి గాలి పీల్చు జీవులు పూనుకొనును. మన చుట్టునున్న గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లుండగా, 25 డిగ్రీల వెచ్చదనమున లీటరు మంచినీటిలో గాలినుండి చేరి నిలువగలిగినది 8 మిల్లీగ్రాములకు కొంచెము మించినంత మాత్రమే; మురుగులోనన్ననో, ఆకొన్న జీవులు దానిని సైతము త్వరలోనే హరించివేయును. ఆ కొరతను తీర్చుటకే ఏరేటరు మడుగుపై నీటిని కవ్వమువలె చిలికి, తుంపరలుగ నెగజిమ్మి, గాలి సోకించి మరల దించుచున్నది. దానిని కనిపెట్టియుండు పనివాని నేర్పెల్ల మితమునందున్నది: కరగిన ఆమ్లజని మిక్కిలి తగ్గెనా కంపు పుట్టును, అవసరమునకు మించెనా విద్యుత్తు వృథా యగును. (కంపు గొట్టిన నాడు తిట్టువారే గాని, కొట్టని నాడు వానిని తలచువారిని నేను చూడలేదు.) ఏరేటరు ఆమ్లజనిని పుట్టింపదు; దానిని గాలికి సమకూర్చునవి, ఎండ బలముతో నీటిని విడగొట్టి పిండిపదార్థమును నిర్మించుకొను కానుగ, వేప ఆకులును, సముద్రములలోని కంటికానని పాచియును. అవి విడిచిన వాయువునే యిచ్చట బాక్టీరియాలు పీల్చి, మలినమును బొగ్గుపులుసు గాలిగను, నీరుగను, తమ దేహములుగను మార్చగా, ఆ దేహములు అడుగునకు దిగిన పిమ్మట పైని తేరిన నీరు మూసీలోనికి సాగిపోవుచున్నది.