కర్ణుడికీ లూఫీకీ ఒకటే వేదిక

వేదిక కుడి అంచున ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఎదుట చెక్కపలక, రెండు చేతుల్లో గట్టి కొయ్యముక్కలు. పోరాటం తారస్థాయికి చేరగానే నాయకుడు కాలు చాచి నేలను తన్ని, తలను గుండ్రంగా తిప్పి, ఒక కనుగుడ్డును ముక్కువైపు లాగి అలాగే బిగుసుకుపోతాడు. సరిగ్గా అప్పుడే కొయ్యముక్కలు పలక మీద మోగుతాయి. కబుకి నాటకంలో ఈ భంగిమను 'మియె' అంటారు. కొయ్యలు మోగించేవాడు నటుడి మెడనూ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండాలి. చప్పుడు రవ్వంత వెనకబడినా భంగిమలో పస ఉండదు. సినిమాలో క్లోజప్ చేసే పనిని, కెమెరా పుట్టకముందే జపాన్ నటులు ఒంటితో, చప్పుడుతో సాధించారు. నన్ను కబుకికి కట్టిపడేసింది ఇదే.

1603లో క్యోటోలో ఒకుని అనే మహిళ మగవేషం కట్టి ఆడిన ఆటలతో ఈ కళ మొదలైంది. 1629లో షోగున్ ప్రభుత్వం ఆడవాళ్లు వేదికెక్కకుండా నిషేధించింది. ఆ తర్వాత ఆడవేషాలు మగవాళ్ల చేతికొచ్చాయి. 'ఒన్నగత' అనే ఈ నటులు రెక్కల ఎముకలను వెనక్కి దగ్గరగా లాగి, భుజాలు దించి, మోకాళ్లు ఎడం కాకుండా నడవడం ఏళ్ల తరబడి సాధన చేస్తారు. స్థానం నరసింహారావు వేసిన సత్యభామను తలుచుకునే తెలుగువాళ్లకు ఆ సాధన విలువ చెప్పనక్కర్లేదు.

హంగులకూ లోటు లేదు. ప్రేక్షకుల మధ్య నుంచి వేదికకు సాగే 'హనమిచి' అనే నడవ మీదుగా పాత్రలు వస్తాయి. ఆ నడవలో వేదికకు దగ్గరగా నేలలో ఒక తలుపు. దయ్యాలు, మాంత్రికులు అందులోంచి పైకి లేస్తారు. తిరిగే వేదిక 1758లోనే ఒసాకాలో వచ్చింది. ఇక నటుడి పైవస్త్రాన్ని ముతక దారాలతో పొడుగు కుట్లు వేసి ఉంచుతారు. నాట్యం సాగుతుండగానే సహాయకుడు వెనక నుంచి దారాలు లాగేస్తాడు. అది ఊడిపడి కింద మరో రంగు కిమోనో మెరుస్తుంది. ముఖం మీద ఎర్ర గీతలుంటే వీరుడు, నీలి గీతలుంటే దుర్మార్గుడు. నటుడి ఇంటిపేరును పై వరస నుంచి రసికులు గట్టిగా అరుస్తారు. ఆ అరుపూ ప్రదర్శనలో భాగమే.

ఇంత సరంజామా ఉన్న కళ మాంగా (జపాన్ బొమ్మల కథలు) వైపు మళ్లిందంటే కొందరు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. ప్రసిద్ధమైన 'కనదెహోన్ చూషింగుర' 1748లో ముందు బొమ్మలాటగా వచ్చి జనాన్ని ఊపేసింది. కబుకివాళ్లు అదే ఏడు దాన్ని అందిపుచ్చుకున్నారు. జనం మెచ్చిన కథను తన కట్టులోకి తెచ్చుకోవడం కబుకికి పుట్టుకతో వచ్చిన గుణం. కబుకి నటుడు మూడో ఇచికవ ఎన్నొసుకె 1968లో తీగల మీద ప్రేక్షకుల తలల మీదుగా ఎగిరే పాత విద్యను తిరిగి తెచ్చాడు. 1986లో 'యమతొ తకెరు'తో 'సూపర్ కబుకి' అనే కొత్త ఒరవడిని మొదలుపెట్టాడు. ఆ దారిలోనే 2015లో 'వన్ పీస్' మాంగా నాయకుడు లూఫీ వేదిక మీదికొచ్చాడు. 2016లో కబుకి నటుడు నకమురా షిదో, కంప్యూటర్ గాయని హత్సునె మికుతో కలిసి ఆడాడు. అభిమానులు ఆమెకూ 'హత్సునెయ' అని ఇంటిపేరు కట్టి అరిచారు!

మనకు మరీ దగ్గరిది ఇంకొకటుంది. 2017 అక్టోబరులో టోక్యోలోని కబుకి-జా థియేటర్‌లో మహాభారతం ఆడారు. దర్శకుడు మియగి సతొషి. ఒనొఎ కికునొసుకె కర్ణుడయ్యాడు. కర్ణుణ్ణే కథకు కేంద్రం చేశారు. కర్తవ్యానికీ ప్రేమకూ మధ్య నలిగే మనిషి కబుకికి ఎప్పటినుంచో ఇష్టమైన నాయకుడు కాబట్టి ఆ ఎంపిక నాకు ఎంతో సహజంగా తోస్తుంది. 'ఫైనల్ ఫాంటసీ 10' వీడియో గేమ్‌నూ 2023లో కబుకి నాటకంగా తెచ్చింది కికునొసుకెయే. 2025 మేలో ఆయన తన వంశంలో తరతరాలుగా వస్తున్న పేరు అందుకుని ఎనిమిదో కికుగొరో అయ్యాడు.

అదే ఏడు వచ్చిన 'కొకుహో' సినిమాలో యాకుజా (నేరముఠా) నాయకుడి కొడుకు ఒకడు కబుకి ఇంట చేరి, ఆ ఇంటి వారసుడితో పోటీపడతాడు. ముఖ్య నటులిద్దరూ కబుకి కుటుంబాలవాళ్లు కారు. సుమారు ఏడాదిన్నర శిక్షణ తీసుకున్నారు. సినిమా విరగబడి ఆడింది.

కానీ ఆ ఏడాదిన్నర తెర మీద మెప్పించడానికి సరిపోతుందేమో, వేదిక మీద నెలకు పాతిక రోజులు నిలబడటానికి చాలదు. కబుకి కుటుంబాల్లో పుట్టనివాళ్లకు 1970 నుంచి ఆ విద్య నేర్పుతున్నది టోక్యో జాతీయ నాటకశాల. కొత్త భవనం కోసం 2023 అక్టోబరులో దాన్ని మూసేశారు. టెండర్లు కుదరక పని వెనకబడింది. సినిమా చూసి మనసు పడిన కుర్రాడికి ఇప్పుడు కావలసింది ఆ నాటకశాల తలుపు తెరుచుకోవడమే.